‘కాన్వెంటు’ అనే మాటను విప్పి చూస్తే

మా ఊళ్ళో కాన్వెంటు అంటే టై కట్టుకుని వెళ్ళే బడి. రెండు గదుల రేకుల షెడ్డయినా సరే, గోడ మీద ఏనుగు బొమ్మ వేసి ఎల్‌కేజీ, యూకేజీ అని రాస్తే అది కాన్వెంటే. “పిల్లాణ్ణి కాన్వెంట్లో వేశాం” అన్న మాటలో ఇంగ్లీషూ, ఫీజూ, కాస్తంత గొప్పా కలిసి వినపడేవి. నేను చదివిందేమో చీరాల దగ్గర ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక మిషన్, ఎలిమెంటరీ స్కూలు. తెలుగు మీడియం, నేల మీద బారులు తీరి కూర్చోవడం, మధ్యాహ్నం పన్నెండింటికి గుడిలో, అంటే చర్చిలో, త్రికాల జపమనే ప్రార్థన గంట మోగితే మాస్టారు పాఠం ఆపి ఒక నిమిషం నిలబడడం. ఫాదరు గారూ సిస్టర్లూ నడిపిన ఆ బడిని ఎవరూ కాన్వెంటు అనలేదు. కన్యస్త్రీలు ఉండే మఠాన్ని కాన్వెంటు అంటారని, వాళ్ళు నడిపే బడికి ఆ పేరు అంటుకుని, తర్వాత మఠంతో ఏ సంబంధమూ లేని బడులకు కూడా పాకిపోయిందని బెంగళూరు వచ్చాకే తెలుసుకున్నాను.

ఇప్పుడు మేముండేది కె.ఆర్. పురం వైపు. పెద్దమ్మాయి సిస్టర్లు నడిపే బడిలో మూడో తరగతి. దీపావళి దాటి అడ్మిషన్ల మాట మొదలయ్యేసరికి మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్ళు ఒక్కొక్కరే మా తలుపు తడతారు. గుంటూరు, కడప, నెల్లూరు, కరీంనగర్, ఎక్కణ్ణుంచి వచ్చినవాళ్ళైనా ప్రశ్నలు మాత్రం అవే. ఈ ఏడు కింది ఫ్లోరు అమ్మాయి చంకన పిల్లాణ్ణి వేసుకుని వచ్చి, “అక్కా, అక్కడ వేస్తే మావాడికి మతం నేర్పుతారా? ఆర్టీఈ కింద సీటు వస్తుందా? డిసిప్లిన్ గట్టిగా ఉంటుందటగా, కొడతారా? తెలుగు మాట్లాడనివ్వరటగా?” అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. మెట్ల మీద నిలబడి తేల్చేసే ప్రశ్నలు కావివి. ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఆమెకు చెప్పిందీ, చెబుదామనుకుని మరిచిపోయిందీ కలిపి రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. బెంగళూరులో బోర్డు మీద ‘సెయింట్’ అని ఉన్న ప్రతి బడీ కతోలిక బడి కాదు. ఆ మాటకున్న పరపతిని చూసి ప్రైవేటు యాజమాన్యాలు పెట్టుకున్న పేర్లు చాలా ఉన్నాయి. క్రైస్తవ బడులన్నీ కతోలికవీ కావు. బిషప్ కాటన్ బడులు ఆంగ్లికన్ సంప్రదాయానివి. కతోలిక బడుల్లోనూ తేడాలున్నాయి. కొన్ని అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్పు పాలన కింద, ఆ ప్రాంతపు విచారణ గుడిని (పారిష్ చర్చిని) ఆనుకుని నడుస్తాయి. కొన్నిటిని సిస్టర్ల సభలూ, ఫాదర్ల సభలూ, అంటే వాళ్ళ మత సంఘాలు, సొంతంగా నడుపుతాయి. “ఈ బడి ఎవరిది?” అని ఆఫీసులో నేరుగా అడగొచ్చు. అసలైన కతోలిక బడి అయితే ఏ సభదో, ఆ సభను ఎవరు స్థాపించారో చెప్పడానికి వాళ్ళకు అరనిమిషం కూడా పట్టదు.

ఈ బడుల పాదు ఎక్కడుందో తెలిస్తే ఇప్పటి తీరు కొంత అర్థమవుతుంది. బ్రిటిష్ సైన్యం కోసం 1809లో ఇక్కడ కంటోన్మెంటు వెలిసింది. సైనికుల పిల్లలు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలు, తల్లిదండ్రుల్లేని పిల్లలు ఉన్నారు. వాళ్ళకు బడి కావాలి. గుడ్ షెపర్డ్ సిస్టర్లు 1854లో వచ్చి మ్యూజియం రోడ్డులో బడి పెట్టారు. 1858లో ఫ్రెంచి ఫాదర్లు సెయింట్ జోసెఫ్స్ మొదలుపెట్టారు; అది 1937లో జెస్విట్ సభ ఫాదర్ల చేతికి వచ్చింది. అదే గుడ్ షెపర్డ్ సిస్టర్లు 1886లో సెయింట్ మార్తాస్ ఆస్పత్రి కట్టారు. బడి, అనాథ పిల్లల ఆశ్రమం, ఆస్పత్రి ఒకే చేతి పని. అందుకే పాత కతోలిక బడి ఆవరణలో ఈనాటికీ తరగతి గదులతో పాటు ఒక మఠమో హాస్టలో, ఒక చిన్న మందుల గదో కనిపిస్తుంది. గంట కొట్టాక కూడా అక్కడ మనుషులు ఉంటారు. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మతం నేర్పుతారా?

మా అమ్మాయి యూకేజీలో ఉండగా ఒక ఆదివారం కంచం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, నుదుటి మీదా గుండె మీదా భుజాల మీదా శిలువ గుర్తు వేసుకుంది. మేము హిందువులం. మా అత్తగారు ఏమీ అనకుండా నా వైపు చూశారు. మర్నాడు బడికి వెళ్ళి క్లాస్ టీచర్ని అడిగాను. “మేం నేర్పలేదమ్మా. పక్కన కూర్చునే పాప చేస్తుంది, చూసి చేస్తోంది. వద్దంటే చెప్తాను గానీ, తప్పు చేసినట్టు అనిపించకుండా చెప్పాలి” అంది. ఆ రెండో వాక్యం నాకు నచ్చింది. మా అత్తగారికి అదే చెప్పాను. ఆవిడ ఆలోచించి, “అన్నం ముందు దణ్ణం పెట్టుకుంటే తప్పేముంది, చేతులు జోడించమను” అని పాపకు అన్నం ముందు చెప్పే శ్లోకం ఒకటి నేర్పారు. ఇప్పుడు మా అమ్మాయి చేతులు జోడిస్తుంది, పక్కన ఆ పాప శిలువ గుర్తు వేసుకుంటుంది.

చట్టం ఏమంటుందంటే, రాజ్యాంగం 30వ అధికరణం మత, భాషా మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28(3) రెండో వైపు కాపలా కాస్తుంది. ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న ఏ సంస్థలోనైనా, చదువుకునేవారిని వాళ్ళ సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు. ఆచరణలో చాలా బడుల్లో జరిగేది ఇది: వారంలో కొన్ని పీరియడ్లు కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మతపాఠానికి, వెళతారు, మిగతా పిల్లలు అదే సమయంలో మోరల్ సైన్స్ క్లాసులో కూర్చుంటారు. అబద్ధం, పంచుకోవడం, కోపం, క్షమాపణ, ఇలాంటి పాఠాలు. 2024లో భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య తన బడులకు పంపిన మార్గదర్శకాల్లో, ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, వీలైతే సర్వమత ప్రార్థన గది ఏర్పాటు చేయాలని చెప్పింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. మతబోధ లేనంత మాత్రాన మతపు గాలి లేదని కాదు. మెట్ల దగ్గర మేరీమాత విగ్రహం ఉంటుంది. పొద్దున ప్రార్థనలో యేసు పేరు ఉంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, అంటే తపస్కాలంలో, “మీ కోసం ఖర్చుపెట్టుకునే ఒక్క రూపాయి ఆపండి” అంటారు. సెప్టెంబరు 8న శివాజీనగర్ మేరీమాత బసిలికా పండగ గురించి అసెంబ్లీలో చెబుతారు. ఇవి ఇబ్బందిగా తోచే కుటుంబాలు ఉంటాయి, అందులో తప్పు లేదు. వాళ్ళు మరో బడి చూసుకోవడమే మేలు. ఎందుకంటే ఆ బడిని నిలబెట్టేది ఆ గాలే. అది వద్దు, ఇంగ్లీషు మాత్రం కావాలంటే కుదరదు.

సీటు, చట్టం

ఇది త్వరగా చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలనేది అందులో ఉంది. 2014 మే 6న సుప్రీంకోర్టు ప్రమతి కేసులో, ఎయిడ్ ఉన్నా లేకపోయినా మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని తేల్చింది. అందుకే కతోలిక బడిలో ఆర్టీఈ సీటు దొరకదు. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పు మీదే సందేహం తెలిపి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలంది. ఈ సంగతి మళ్ళీ చర్చకు రావడం మంచిదే అంటాను. అనాథ పిల్లలను కూడా చేరదీస్తూ పుట్టిన బడులు, పేదపిల్లలకు సీటు ఇవ్వాలనే చట్టానికి వెలుపల ఉండడం నా మనసుకు ఎక్కదు. ఫీజు తగ్గించి చేర్చుకునే సిస్టర్లను చూశాను, అది నిజం. కానీ అది వాళ్ళ దయ మీద ఆధారపడిన సంగతి, హక్కు వేరు.

చట్టం వర్తించదు కాబట్టి కొట్టొచ్చా అంటే, కొట్టకూడదు. పిల్లల బాధ్యత చేతిలో ఉన్న పెద్దలు క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం శిక్ష ఉంది. లైంగిక వేధింపులకు 2012 నాటి పోక్సో చట్టం ఏ బడికైనా ఒకటే. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 ఫోను నంబరు ఏ పిల్లకైనా పలుకుతుంది. మా అమ్మాయి డైరీ చివరి పేజీలో ఆ నంబరు అచ్చేసి ఉంది. మీ పిల్లల డైరీలో లేకపోతే అడగండి.

డిసిప్లిన్ అంటే మన ఇళ్ళల్లో వెంటనే బెత్తం గుర్తుకొస్తుంది. “వీపు విమానం మోత మోగిస్తేనే చదువు వస్తుంది” అనే తరం మనది. కతోలిక బడుల్లో ఆ సంప్రదాయం లేకపోలేదు. కానీ అదే సంప్రదాయంలో ఇంకో పాయ కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చి వీధుల్లో పడ్డ కుర్రాళ్ళను చేరదీసిన డాన్ బోస్కో, తన పద్ధతికి ‘నివారణ పద్ధతి’ అని పేరు పెట్టుకున్నాడు. తప్పు జరిగాక శిక్షించడం సులువు, తప్పు జరగని చోటు తయారుచేయడం కష్టం. దానికి బుద్ధికి నచ్చేలా చెప్పడం, దైవభక్తి, ప్రేమతో మెలగడం అనే మూడూ కావాలన్నాడు. పంతులు ఆటస్థలంలో పిల్లల మధ్యనే ఉండాలన్నాడు. చూడ్డానికి చిన్న సలహా. కానీ బడిలో దెబ్బలాటలు, ఏడిపించడాలు ఎక్కడ జరుగుతాయో గుర్తుచేసుకోండి: నీళ్ళ కుళాయి దగ్గర, మరుగుదొడ్డి వరండాలో, టిఫిన్ బెంచీ మీద. పాఠం లేని చోట, పెద్దవాళ్ళు లేని చోట.

చేప ఎందుకు ఎండలేదు

మా అమ్మ చీరాల నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయిన జులైలో వచ్చింది. జులై 26 మేరీమాత తల్లిదండ్రులు జోకిము, అన్నమ్మల పండగ. దాన్ని పట్టుకుని చాలా కతోలిక బడుల్లో అమ్మమ్మలు, తాతయ్యల దినం చేస్తారు. మా బడిలో ఆ రోజు పెద్దవాళ్ళు తరగతిలో కూర్చుని ఒక కథ చెప్పాలి. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, కన్నడం రాదు. అయినా జంకకుండా ఏడు చేపల కథ ఎత్తుకుంది. క్లాసులో సగం మంది తెలుగు పిల్లలే. ఆవు ఎందుకు మేయలేదో మా అమ్మ చెప్పేలోపే వెనక బెంచీ వాళ్ళు చెప్పేశారు. మిగతావాళ్ళకు టీచరు ఇంగ్లీషులో చెప్పింది.

ఆ రోజు వెనక వరసలో నిలబడి వింటుంటే అంతకు ముందు ఏడాది సంగతి కళ్ళ ముందుకొచ్చింది. రెండో తరగతిలో దసరా సెలవుల తర్వాత మా అమ్మాయి పైకి చదవడం మానేసింది. అక్షరాలు వచ్చు, మాటలు వచ్చు, ఇంట్లో గొణుగుతూ చదువుతుంది. క్లాసులో నిలబెడితే మాత్రం నోరు పెగలదు. ‘రీడింగ్ వీక్, ప్రాక్టీస్ అట్ హోమ్’ అని డైరీలో వచ్చింది. మేము రోజూ సాయంత్రం గంటసేపు చదివించాం. ఇంకా బిగుసుకుపోయింది. ఫోనిక్స్ ట్యూషన్ పెడదామా, కళ్ళు చూపిద్దామా, ఇంకేదైనా లోపమా అని రాత్రులు వెతికాను.

దారి చూపించింది టీచరు కాదు, ఆయమ్మ. ఒక రోజు గేటు దగ్గర, “ఈ పాప బాక్సు మూత తీయడం లేదమ్మా, నెల రోజులుగా” అంది. టీచరుకూ అదే చెప్పింది. అప్పుడు తీగ లాగితే డొంక కదిలింది. చదివేటప్పుడు నోరు పెగలనిది నీరసం వల్ల, భయం వల్ల. నీరసం తినకపోవడం వల్ల. తినకపోవడం బాక్సు తెరవకపోవడం వల్ల. తెరవకపోవడం, ఒక రోజు నేను పెట్టిన ఎండు రొయ్యల పొడి అన్నం చూసి పక్క పిల్లలు ముక్కు మూసుకోవడం వల్ల. ఇదివరకైతే పక్కన కూర్చునే నేస్తం “నాకూ పెట్టు” అనేది. దసరాకు ఆ పిల్ల కుటుంబం హైదరాబాదు వెళ్ళిపోయింది. చేప ఎండకపోవడానికి కారణం ఎక్కడో పుట్టలో చీమ దగ్గర ఉంది. మేమేమో చేపను ఇంకా ఎండలో పెడుతున్నాం.

టీచరు పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బెంచీలు మార్చింది. ఒక వారం రోజులు తను కూడా పిల్లలతో కూర్చుని తింది. “ఈ రోజు ఎవరింటి వంట ఎక్కడిది?” అని అడగడం మొదలుపెట్టింది. మంగళూరు పిల్ల చేపల పులుసు, తమిళ పిల్లాడి కరువాడు, అదే మన ఎండు చేప, మా అమ్మాయి రొయ్యల పొడి అన్నీ మాటల్లోకి వచ్చాయి. క్రిస్మస్ సెలవులు వచ్చేసరికి మా అమ్మాయి అసెంబ్లీలో మైకు ముందు నాలుగు వాక్యాలు చదివింది.

చదువు, పిల్లల మనసు, బడిలో కలిసి బతకడం అనే మూడిటినీ విడివిడిగా చూసే అలవాటు మనకుంది. చదువుకు ట్యూషను, మనసుకు కౌన్సిలరు, కలిసిమెలిసి ఉండడానికి యాన్యువల్ డే. కౌన్సిలరు అవసరమే. మూడో తరగతి దాటినా అక్షరాలు తారుమారవుతుంటే ఇంట్లో తిట్టి లాభం లేదు. బెంగళూరులో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది, సెయింట్ జాన్స్ ఆస్పత్రిలో ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల కోసం ‘యూనిట్ ఆఫ్ హోప్’ ఉంది. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే గుర్తించింది. కానీ అక్కడిదాకా వెళ్ళాలా వద్దా తెలియాలంటే ముందు ఎవరో ఒకరు గమనించాలి. గమనించడానికి తీరిక కావాలి, తీరికతో పాటు ఆ పిల్ల పేరు తెలిసి ఉండాలి.

అమెరికాలో జేమ్స్ కోల్మన్ అనే సమాజశాస్త్రవేత్త 1980లలో కతోలిక హైస్కూళ్ళను పరిశీలించి, మధ్యలో చదువు మానేసేవాళ్ళు అక్కడ తక్కువని గమనించాడు. దానికి ఆయన చెప్పిన కారణం భవనాలూ కాదు, పాఠ్యపుస్తకాలూ కాదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఒకరికొకరు తెలుసు, ఆదివారం ఒకే గుడిలో కలుస్తారు, ఒకరి పిల్లాడు దారి తప్పితే మరొకరి చెవిన పడుతుంది. దాన్ని ఆయన సామాజిక పెట్టుబడి అన్నాడు. మన ఊళ్ళల్లో ఇది చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. చెరువు గట్టు మీద సిగరెట్టు కాలిస్తే వాడు ఇంటికి చేరేలోపు కబురు ఇంట్లో ఉండేది.

బెంగళూరులో ఆ ఏర్పాటు ముందే తయారుగా లేదు. మా తరగతిలో ఎక్కువ మంది పిల్లలు కతోలికులు కారు. కొందరిది ఐటీ ఉద్యోగం, కొందరిది కిరాణా కొట్టు, ఒకాయన ఆటో నడుపుతాడు. బంధువులందరూ ఎక్కడో ఊళ్ళో. ఒకే గుడి లేదు, ఒకే భాష లేదు. అంటే అక్కడ గుడి చేసిన పని ఇక్కడ బడే చేసుకోవాలి. గేటు దగ్గర తల్లులు పది నిమిషాలు నిలబడనివ్వడం, అమ్మమ్మల దినం, బడి పండగలో తండ్రుల చేత స్టాళ్ళు పెట్టించడం, తపస్కాలంలో పిల్లల చేత గుప్పెడు బియ్యం తెప్పించి హోసూరు రోడ్డులోని లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ వృద్ధాశ్రమం లాంటి చోట్లకు పంపడం, వీటిని కాలక్షేపం అనుకునేదాన్ని. వాన్ డ్రైవరు ఒక రోజు రాకపోతే మా పాపను ఇంటికి చేర్చింది ఆ బియ్యం మూటలు కట్టేటప్పుడు పరిచయమైన తమిళ తల్లి. ఆ ఆటో ఆయన ఫోను నంబరు ఇవాళ మా తరగతి తల్లులందరి దగ్గరా ఉంది.

తెలుగు సంగతి

ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. మా అమ్మాయిని మొదట వేసింది ఈ బడిలో కాదు. అదీ కతోలిక బడే, పేరు అనవసరం. అక్కడ ఎల్‌కేజీలో “నీళ్ళు కావాలి” అని తెలుగులో అడిగినందుకు మూల నిలబెట్టారు. నాలుగేళ్ళ పిల్ల దాహం ఇంగ్లీషులో వేస్తుందా? వెళ్ళి అడిగితే, “ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడండి, అలవాటవుతుంది” అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు పాప బయట ఎక్కడా నీళ్ళు అడగలేదు. ఏడాది ఆఖరున మార్చేశాం. ఇల్లు మాట్లాడే భాషను సిగ్గుపడాల్సిన వస్తువుగా చేయడం ఏ బడికైనా మచ్చే. ప్రేమ గురించి రోజూ ప్రార్థించే బడికి మరీ.

మీడియం విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. 2020 జాతీయ విద్యావిధానం వీలైనంత వరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది. కానీ తల్లిభాష మీడియాన్ని ప్రభుత్వం ప్రైవేటు బడుల మీద రుద్దకూడదని కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు 2014లోనే తీర్పిచ్చింది. విచిత్రమేమంటే అదీ మే 6నే, ప్రమతి తీర్పు వచ్చిన రోజే. ఇక 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం వల్ల మొదటి భాషగానో రెండో భాషగానో కన్నడం తప్పనిసరి. కాబట్టి మన పిల్లలు ఇంగ్లీషులో చదువుతారు, కన్నడం నేర్చుకుంటారు, తెలుగు ఇంటికి మిగులుతుంది.

దీన్ని నేను మొదట నష్టంగానే లెక్కపెట్టాను. మా అమ్మాయే నా లెక్క మార్చింది. ఒక రోజు కన్నడ పుస్తకం పట్టుకుని వచ్చి, “అమ్మా, పాలు అంటే హాలు, పులి అంటే హులి, పాముకి హావు, పందికి హంది, పువ్వుకి హూవు. ‘ప’ తీసేసి ‘హ’ పెడితే కన్నడం వచ్చేస్తుంది!” అంది. పాత కన్నడంలో ‘ప’తో మొదలైన మాటలు నడిమి కాలంలో ‘హ’లోకి మారాయని భాషాశాస్త్రం చెప్పే సంగతిని ఎనిమిదేళ్ళ పిల్ల పట్టేసింది. లిపులు కూడా ఒకే తల్లి బిడ్డలు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలకు తెలుగు చదవడం కొద్ది వారాల పని. తలకట్టు తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాల తేడా పట్టుకుంటే చాలు. మేము వేసవి సెలవుల్లో రోజుకు అరగంట కూర్చున్నాం. ఇప్పుడు మా అమ్మకు ఉత్తరం రాస్తోంది. తప్పులుంటాయి, ‘నేను బాగున్నాను’లో దీర్ఘాలు ఎటో పోతాయి. మా అమ్మ ఆ ఉత్తరాలన్నీ పోపుల పెట్టె పక్కన డబ్బాలో దాచుకుంది.

ఏం అడగాలి

గంట కొట్టాక కూడా మనుషులు ఉంటారని పైన రాశాను. అది కరిగిపోతోంది. సిస్టర్లుగా చేరే అమ్మాయిలు తగ్గుతున్నారు. నా చిన్నప్పుడు మా ఆర్‌సీఎం బడిలో మూడు తరగతులకు సిస్టర్లే టీచర్లు. ఇప్పుడు మా అమ్మాయి బడిలో హెచ్‌ఎం గదిలో ఒక సిస్టరు, ఆఫీసులో ఒకరు, అంతే. తరగతుల్లో అందరూ బయటి టీచర్లు. వాళ్ళలో మంచివాళ్ళకు లోటు లేదు, మా అమ్మాయి బెంచీ మార్చింది అలాంటి ఒక టీచరే. కానీ సిస్టరుకు ఆ ఆవరణే ఇల్లు. టీచరుకు ఇంట్లో పిల్లలుంటారు, సాయంత్రం మారతహళ్ళి ట్రాఫిక్ ఉంటుంది, జీతం చాలకపోతే వచ్చే జూన్‌లో ఇంకో బడి ఉంటుంది. టీచర్లు ఏటా మారే బడిలో మఠం గోడ పక్కనే ఉన్నా, మేరీమాత విగ్రహం ఎంత పెద్దదైనా, పిల్లల్ని ఎరిగినవాళ్ళు మిగలరు. కతోలిక బడుల భవిష్యత్తు గురించి బెంగపడేవాళ్ళు ప్రార్థనల సంఖ్య కంటే టీచర్ల జీతాల పట్టీ ముందు చూడాలని నా గట్టి నమ్మకం.

అందుకే అడ్మిషనుకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే ప్రశ్నలు వేరు. ఒకటో తరగతి టీచరు ఈ బడిలో ఎన్నేళ్ళుగా ఉంది? తరగతికి ఎంతమంది పిల్లలు? టిఫిన్ సమయంలో పెద్దవాళ్ళు ఎక్కడుంటారు? జ్వరం వస్తే పడుకోబెట్టే గదిలో ఎవరుంటారు? సంచీ బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదని, రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది, ఇక్కడ పాటిస్తారా? పిల్లవాడు ఇంటి భాషలో అడిగితే జవాబు వస్తుందా? వీటికి కాగితం మీద ఉన్న జవాబు కంటే, వరండాలో అరగంట కూర్చుంటే దొరికే జవాబు నమ్మదగింది.

కింది ఫ్లోరు అమ్మాయి పోయిన శనివారం ఫారం తెచ్చుకోవడానికి వెళుతూ నన్నూ రమ్మంది. ఆఫీసు ముందు పెద్ద వరస. పిల్లాడు చెయ్యి విడిపించుకుని ఊడ్చిన వేపాకుల కుప్ప దగ్గరికి పరిగెత్తాడు. చీపురు పట్టుకున్న ఆయమ్మ వంగి, “నిన్ హెసరేను పుట్టా?” అంది. వాడు నోరు తెరవలేదు. తల్లి మొహం వాడిపోయింది. ఆయమ్మ ఇద్దర్నీ చూసి, చింతామణి వైపు తెలుగు యాసలో, “నీ పేరేమి రా కన్నా?” అంది. వాడు చెప్పాడు. “ఎన్నేళ్ళుగా చేస్తున్నారిక్కడ?” అని మా కింది ఫ్లోరు అమ్మాయి అడిగింది. “ఇరవై రెండు ఆయె” అని, ఆయమ్మ మళ్ళీ వాడి వైపు తిరిగి, పొద్దున ఏం తిన్నావని అడుగుతోంది.